ఎరుపు నేల పెద్దవారిది

పదమూడేళ్లుగా జూరాకాన్ ఉద్యోగం కుర్చీలో కూర్చోవడం. బిష్కెక్‌లో ఒక చిన్న సర్కారు గ్యాలరీలో రెండో గది ఆమెది. చూసేవాళ్లకు తేలిక ఉద్యోగం. కానీ ఆ కుర్చీలో కునుకు తీయకూడదు, అల్లిక అల్లకూడదు, పొద్దుతిరుగుడు గింజలు నమలకూడదు. గోడమీది బొమ్మల్ని మరీ పరీక్షగా చూడనూకూడదు. చూస్తే వచ్చినవాళ్లు ఈవిడకేదో తెలుసనుకుని ప్రశ్నలు అడుగుతారు. జవాబులు చెప్పడానికి వేరే మనుషులున్నారు. వాళ్లకు చదువుంది.

జూరాకాన్‌కు యాభై ఏడు నిండాయి. సెప్టెంబరు పదకొండుతో సర్వీసు పూర్తవుతుంది, పింఛను వస్తుంది. ఇది మార్చి నెల. మధ్యలో ఉన్న ఆరు నెలలే ఆమె ఆస్తి. ఆ ఆస్తి మీద కొత్త డైరెక్టరు ఇలియాజ్ కన్నుపడింది. అతనికి ముప్పై ఎనిమిదేళ్లు, సన్నటి మెడ, ఎప్పుడూ నల్ల స్వెట్టరు. కుర్చీల్లో ముసలి ఆడవాళ్లుంటే గ్యాలరీ ఆసుపత్రిలా ఉందని అతని అభిప్రాయం. వాళ్ల బదులు కెమెరాలు పెట్టించాలని చూస్తున్నాడు. మొదటి గది ఆవిడ ఫోనులో మాట్లాడిందని పంపేశాడు, మూడో గది ఆవిడ కిటికీ తెరిచిందని పంపేశాడు. జూరాకాన్‌తో మాత్రం నిజాయితీగా మాట్లాడాడు.

"అక్కా, మీ మీద నాకు కోపం లేదు. కాని ఒక్క తప్పు దొరికితే వదలను. ముందే చెప్తున్నా, తర్వాత అనుకోవద్దు."

"దొరకదులే బాబూ," అంది జూరాకాన్. "కూర్చోవడంలో ఏం తప్పు చేస్తాను?"

నిజానికి ఆమె కూర్చోవడానికి పుట్టిన మనిషి కాదు. నరీన్ కొండల అవతల, అత్‌బాషీలో, ఇంట్లో పరిచే షిర్దాక్ కంబళాలకు నమూనా కోసేది. కుట్టేవాళ్లు ఊరినిండా ఉంటారు. కోసేవాళ్లు ఏ ఇద్దరో. తొక్కి గట్టిపరిచిన ఉన్ని పలకలు రెండు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒకదానిమీద ఒకటి పరిచి, సుద్దతో గొర్రెకొమ్ము వంపులు గీసి, ఒకే కత్తితో రెండు పలకల్నీ కలిపి కోస్తారు. తర్వాత ముక్కలు మార్చుకుంటారు. ఎర్ర కొమ్ము నీలి నేలలోకి, నీలి కొమ్ము ఎర్ర నేలలోకి. ఒక కోతకు రెండు కంబళాలు. చారెడు ఉన్ని కూడా వృథా పోదు. పదహారో ఏట పట్టుకున్న ఆ కత్తిని జూరాకాన్ నలభై నాలుగో ఏట వదిలింది, వేళ్ల కీళ్లు వాచిపోయి. అందులో పంతొమ్మిదేళ్లు మహిళా సంఘంలో కోసింది. కంబళాలు ఎక్కడెక్కడి దేశాలకో పోయాయి. వాటి వెనక కుట్టిన గుడ్డముక్క మీద సంఘం అధ్యక్షురాలి పేరుండేది. అధ్యక్షురాలికి కత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. ఆ పంతొమ్మిదేళ్లూ ఏ సర్వీసు పుస్తకంలోనూ ఎక్కలేదు కూడా.

ఆ మార్చిలో గ్యాలరీలో పెట్టిన ప్రదర్శన పేరు 'రంగుల సంభాషణ'. ఇద్దరు చిత్రకారులు. ఇద్దరూ మనిషినీ గుర్రాన్నీ కొండనీ వేయరు, రంగులే వేస్తారు. మార్లెన్ సతారోవ్‌కు డెబ్బై ఒకటి. సగం దేశానికి బొమ్మలు నేర్పిన మాస్టారు. పెరిజాత్‌కు నలభై ఆరు. ఒకప్పుడు ఆయన శిష్యురాలు, ఇప్పుడు ఉండేది బెర్లిన్‌లో. వీళ్లిద్దరూ సంభాషించి ఇరవై రెండేళ్లయింది. నా ఎరుపూ నీలమూ అది ఎత్తుకుపోయిందని ఆయన, నావే ఆయన ఎత్తుకున్నాడని ఆమె, పత్రిక దొరికినప్పుడల్లా చెప్పుకునేవారు. ఎరుపూ నీలమూ తమకంటే ముందు నుంచే లోకంలో ఉన్నాయన్న అనుమానం ఇద్దరికీ రాలేదు.

బొమ్మలు ఇరవై నాలుగు. అన్నీ మీటరుకు మీటరు. పన్నెండింటిలో నీలం నేల మీద ఎర్రటి వంకర ఆకారం, పన్నెండింటిలో ఎరుపు నేల మీద నీలి వంకర ఆకారం. అన్నింటి పేరూ 'పేరు లేనిది', పక్కన ఒక అంకె. ముందువైపు సంతకాలు లేవు. సంతకం రంగుకు అవమానమని మాస్టారి సిద్ధాంతం. ఈ ఒక్క సిద్ధాంతం దగ్గర శిష్యురాలు ఆయన్ని విడిచిపెట్టలేదు. పేర్లన్నీ కాన్వాసు వెనక రాసి ఉన్నాయి. కాన్వాసుల్ని పనివాళ్లు గోడకు మరలతో బిగించి వెళ్లిపోయారు.

ప్రారంభం సాయంత్రం ఐదింటికి. మూడింటికి ప్రెస్సు నుంచి పేర్ల చీటీలు వచ్చాయి. ఇలియాజ్ విమానాశ్రయంలో ఉన్నాడు. పెరిజాత్ విమానం ఇస్తాంబుల్ మంచులో ఇరుక్కుని ఆలస్యమైంది.

"అక్కా, లిస్టు నా బల్ల మీదుంది. బొమ్మలున్నాయి అందులో. చూసి అంటించెయ్యండి. బొమ్మకు అరచెయ్యి దూరం. వంకర పోకూడదు," అని ఫోనులో చెప్పాడు.

లిస్టు ఉంది. బొమ్మలూ ఉన్నాయి. కాని ఆఫీసు ప్రింటరులో రంగు సిరా జనవరిలోనే అయిపోయింది. రంగుల ప్రదర్శన జాబితా బూడిద రంగులో అచ్చయింది. ఎరుపూ బూడిదే, నీలమూ బూడిదే. ఆకారాన్ని బట్టి పోల్చుకుందామంటే అంచులు పాకి అన్నీ నూనెలో పొంగిన బోర్సోక్ పిండి ముక్కల్లా ఉన్నాయి. జూరాకాన్ కళ్లజోడు తుడుచుకుంది, కిటికీ దగ్గరికి పోయి చూసింది. డైరెక్టరుకు మూడుసార్లు ఫోను చేసింది. మొదటిసారి మోగింది, తర్వాత అదీ లేదు. నాలుగయింది.

అప్పుడామె గది మధ్యలో నిలబడి, పదమూడేళ్లలో మొదటిసారి, గోడల్ని నిదానంగా చూసింది. చూడగానే నవ్వొచ్చింది. ఇది ఒకే కోత. రెండు పలకలు, ఒక కత్తి. అటువైపు ఎర్ర నేలలో నీలి కొమ్ము, ఇటువైపు నీలి నేలలో ఎర్ర కొమ్ము. ఇంత దానికి ఇరవై రెండేళ్లు కొట్టుకున్నారు!

ఒక కోతను ఇద్దరు ఆడవాళ్లు పంచుకుంటే ఏది ఎవరిదన్న తగవు ఆమె పుట్టింట్లోనూ లేదు, అత్తింట్లోనూ లేదు. ఎరుపు నేల పెద్దావిడది. నీలి నేల చిన్నదానిది. అత్తాకోడళ్లయినా అంతే, అక్కచెల్లెళ్లయినా అంతే. పెద్దరికం ఉన్న మనిషి నీలి నేల తీసుకోవడం ఆమె కళ్లతో చూడలేదు. మాస్టారికి డెబ్బై ఒకటి. ఆ అమ్మాయికి నలభై ఆరు. ఇంకేం?

ఎరుపు నేల బొమ్మలన్నింటికీ మార్లెన్ సతారోవ్ పేరు అంటించింది. నీలి నేలవాటికి పెరిజాత్ పేరు. అరచెయ్యి దూరం కొలిచి, ఒక్కటి కూడా వంకర పోకుండా అంటించింది. సరిగ్గా తలకిందులుగా.

ఐదింటికి మార్లెన్ మాస్టారు భార్య ఆసిపాతో వచ్చాడు. పెరిజాత్ బొమ్మలున్న గదిలో అడుగుపెట్టనని ఆయన ప్రతిజ్ఞ. కాని టీవీవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. తన పేరున్న బొమ్మ ముందు ఆగాడు. మొహం కందిపోయింది. నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటి ముందుకు విమర్శకుడు కదిర్ రెండు చేతులూ చాచుకుని వచ్చి పడ్డాడు. కదిర్ ముప్పై ఏళ్లుగా మాస్టారి నీలాన్ని 'తడిసిన గోడ' అని రాస్తూ బతికిన మనిషి.

"మాస్టారూ! నన్ను క్షమించండి. ఇంత నిప్పు మీ కడుపులో పెట్టుకుని ఇన్నాళ్లూ ఎలా దాచారు? డెబ్బై దాటాక మొదలుపెట్టారా ఇలా కాలడం?"

మాస్టారు తెరిచిన నోరు కాసేపు అలాగే ఉంచాడు. కెమెరా దగ్గరికొచ్చింది. "నిప్పు... తొందరపడితే రాదు కదా నాయనా," అన్నాడు.

అరగంటకు పెరిజాత్ విమానాశ్రయం నుంచి నేరుగా, పెట్టె చక్రాలు ఈడ్చుకుంటూ వచ్చింది. తన పేరు చూసుకుంది. "ఇలియాజ్!" అని గట్టిగా పిలిచింది. ఇలియాజ్ వచ్చేలోపల, ఏదో విదేశీ సంస్థ నుంచి వచ్చిన పెద్దావిడ ఆ నీలం బొమ్మ ముందు కళ్లు తుడుచుకుంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్లకు మీరు ఇంటికి వచ్చేశారు. ఈ నీలంలో ఎంత శాంతి!" అంది.

"పిలిచావా?" అన్నాడు ఇలియాజ్, రొప్పుతూ.

"మంచినీళ్లు," అంది పెరిజాత్.

గదికి ఆ చివర గురువు, ఈ చివర శిష్యురాలు. ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు నోరు విప్పినా రెండోవాళ్లు మునుగుతారు, విప్పినవాళ్లూ మునుగుతారు. మాస్టారే ముందు నడిచి వచ్చి చెయ్యి చాచాడు. ఆమె అందుకుంది. చప్పట్లు మోగాయి. ఇరవై రెండేళ్ల పగ కళ ముందు ఓడిపోయిందని కదిర్ అక్కడికక్కడే ప్రకటించాడు.

ఆసిపాకు కాళ్లు లాగుతున్నాయి. జూరాకాన్ లేచి కుర్చీ ఇచ్చింది.

"కొత్తగా చేరావా?" అంది ఆసిపా కూర్చుంటూ.

"పదమూడేళ్లయిందమ్మా."

"ఎప్పుడూ చూళ్లేదే!"

"కుర్చీని చూసే ఉంటారు."

ఆసిపా నవ్వి, గొంతు తగ్గించింది. "ఇదిగో, ఎవరితోనూ అనకు. ఆ ఎర్రవి మా ఆయనవి కావు."

"పేరుంది కదమ్మా."

"పేరు సంగతి నాకెందుకు? నలభై ఐదేళ్లుగా ఆయనకు రంగు గొట్టాలు కొనేదాన్ని నేను. ఎనిమిది నీలం కొంటే ఒక్క ఎరుపు. ఇంత ఎరుపు మా గడప తొక్కలేదు. ఎవడో దద్దమ్మ చీటీలు తారుమారు చేశాడు."

జూరాకాన్ తను అంటించిన చీటీల వైపు చూసింది. "మరి మాస్టారు చెప్పలేదేం?"

"ఆ మొహం చూడు. పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదు. ఆయన చెప్పడు, ఆ శిష్యురాలూ చెప్పదు, నేనూ చెప్పను."

"ఆ దద్దమ్మ నేనేనమ్మా. నేనే అంటించాను."

ఆసిపా ఆమెను తల నుంచి కాలి వరకూ చూసింది. "అయితే నువ్వు మా అందరికంటే గట్టిగా నోరు మూసుకోవాలి తల్లీ. ఉద్యోగం ఉంచుకోవాలని లేదా?"

ఉంది. సెప్టెంబరు పదకొండు దాకా ఉంది.

ఇలాంటిచోట ఆమెకు ఆ రాత్రి నిద్రపట్టలేదని రాయడం రివాజు. ఆమె బాగానే నిద్రపోయింది. చెల్లెలి ఇంట్లో పొద్దున్నే లేచి పాలు పోసిన టీ కాచుకుంటున్నప్పుడు మాత్రం, ఎప్పుడో సంఘం ఆఫీసులో చూసిన ఒక పత్రిక గుర్తొచ్చింది. అందులో ఆమె కోసిన కంబళం ఫోటో, పక్కన అధ్యక్షురాలు నవ్వుతూ. అప్పుడు జూరాకాన్ ఏమీ అనలేదు. అనడానికి ఆ గుడ్డముక్క కుట్టింది తను కాదు. ఇప్పుడు చీటీలు అంటించింది తనే. నోరు మూసుకోవడం ఆమెకు అలవాటైన పనే; ఒకరి పనికి ఇంకొకరి పేరు పెట్టిన చెయ్యి తనదే కావడం కొత్త. టీ సగంలో వదిలేసి బయల్దేరింది.

ఎనిమిదింటికి గ్యాలరీలో ఊడ్చే ఆవిడ తప్ప ఎవరూ లేరు. వెన్న రాసే కత్తి మొనతో ఇరవై నాలుగు చీటీలూ గోడ రంగు లేవకుండా ఊడదీసింది. వాచిన వేళ్లతో ఆ పనికి గంటన్నర పట్టింది. ఎర్రనేలలకు పెరిజాత్, నీలినేలలకు మాస్టారు. తర్వాత కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

పదకొండింటికి మార్లెన్ మాస్టారు ఇరవైమంది విద్యార్థుల్నీ, ఒక కెమెరానూ, భార్యనూ వెంటబెట్టుకుని వచ్చాడు. రాత్రికి రాత్రి పదేళ్లు తగ్గినట్టున్నాడు. ఎర్రనేల బొమ్మ ముందు నిలబడి చెయ్యెత్తాడు.

"పిల్లలూ, ఈ ఎరుపు దగ్గరికి నడిచి రావడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. ఎన్ని నిద్రలేని..."

"మాస్టారూ," అంది ముందు వరసలో ఒక పిల్ల, "ఇక్కడ పెరిజాత్ గారి పేరుందండీ."

మాస్టారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన వెళ్లి చీటీ చదివాడు, పక్క చీటీ చదివాడు, ఆ పక్కది చదివాడు. పన్నెండోది చదివేసరికి తగ్గిన పదేళ్లూ తిరిగొచ్చాయి, ఇంకో పది కలుపుకుని.

ఇలియాజ్ పరుగెత్తుకొచ్చాడు. హోటల్‌కు ఫోనుచేసి పెరిజాత్‌ను పిలిపించాడు. విద్యార్థుల్ని మొదటి గదిలోకి తోలి తలుపు మూశాడు.

"ఎవరు ముట్టుకున్నారు చీటీలు?"

"నేనే," అంది జూరాకాన్.

"ఎందుకు? నిన్న అందరూ మెచ్చుకున్న ప్రదర్శనను ఇవాళ పాడుచేస్తారా?"

"పాడుచేసింది నిన్న. ఇవాళ బాగుచేశాను."

"నాకు అర్థంకావడం లేదు."

"నిన్న పేర్లు తలకిందులుగా అంటించాను బాబూ. మీ లిస్టులో రంగు లేదు. మీరు ఫోను తీయలేదు. పెద్దవారికి ఎరుపు నేల ఇచ్చాను. తప్పు నాదే, కాదనను. పొద్దున్నే వచ్చి సరిచేశాను."

"ఏం మాట్లాడుతోందీవిడ?" అన్నాడు మాస్టారు. "నా బొమ్మ ఏదో నాకు తెలీదా?"

"మీకు తెలుసు మాస్టారూ. అందుకే మిమ్మల్ని అడగమంటున్నాను."

జూరాకాన్ ఆసిపా వైపు చూసింది. ఆసిపా ఆ కుర్చీలోనే కూర్చుని, కిటికీలోంచి కారుతున్న మంచునీళ్లను కొత్తగా చూస్తున్నట్టు చూస్తోంది. జూరాకాన్ పెరిజాత్ వైపు చూసింది. పెరిజాత్ తన ఉంగరం తిప్పుకుంటోంది.

"నిన్నటివే సరైనవి," అంది పెరిజాత్ నెమ్మదిగా. "పాపం, ఈ అక్క కంగారుపడింది."

"పోట్లాట ఎందుకు? ఒక్కటి విప్పి వెనక చూడండి," అంది జూరాకాన్. "వెనక రాసే ఉంటుంది కదా. ఒక్కటి చాలు."

ఇలియాజ్ వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు. అతను బుద్ధిలేనివాడు కాదు. గోడ దగ్గర మరకు ఆనించి, తిప్పకుండా, వెనక్కి తిరిగి ఇద్దరి మొహాలూ చూశాడు. మాస్టారు స్క్రూడ్రైవరు మొననే చూస్తున్నాడు. పెరిజాత్ తల దించుకుంది.

"విప్పమంటారా?"

"వద్దు," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఇరవై రెండేళ్లలో వాళ్లు ఏకీభవించిన సందర్భం ఇది ఒక్కటే.

"వేలాడుతున్న బొమ్మను దింపి వీపు చూడటం బట్టలు విప్పి చూడటంతో సమానం," అని మాస్టారు వివరించాడు కూడా.

ఇలియాజ్ స్క్రూడ్రైవరు స్వెట్టరు చేతి లోపలికి జార్చాడు. జూరాకాన్‌ను తన గదికి తీసుకెళ్లి, తలుపు వేసి, టీ పోశాడు. అతను ఆమెకు టీ పోయడం అదే మొదటిసారి.

"అక్కా, నాకు అర్థమైంది. మీకూ అర్థమైంది. కాని నిన్న టీవీలో వచ్చేసింది. ఆల్మతీ గ్యాలరీ వాళ్లు ప్రదర్శన అక్కడికి పంపమని అడుగుతున్నారు. రెండు పనులు చెయ్యండి. చీటీలు నిన్నటిలాగే అంటించండి. 'ఇవాళ పొద్దున నా పొరపాటు వల్ల పేర్లు మారాయి' అని రెండు ముక్కలు రాసివ్వండి. సెప్టెంబరు దాకా మీ కుర్చీ జోలికి రాను. నా తల్లి మీద ఒట్టు."

అతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. పెన్ను తీసుకుంది. వాచిన వేళ్ల మధ్య దాన్ని సర్దుకోవడానికి కాస్త సమయం పట్టింది. రాసి ఇచ్చింది. ఇలియాజ్ చదివాడు: "ఇవాళ కాదు, నిన్న మధ్యాహ్నం చీటీలు తప్పు అంటించాను. ఇవాళ పొద్దున సరిగ్గా అంటించాను. జూరాకాన్."

"ఇది కాదక్కా నేనడిగింది."

"ఇంకో రకంగా రాయడం చేత కావట్లేదు బాబూ."

"ఆరు నెలలు! కళ్లు మూసుకుంటే అయిపోతాయి."

"మూసుకునే కూర్చున్నాను ఇన్నాళ్లూ."

ఇలియాజ్ నిట్టూర్చి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. సొంత కోరిక మీద ఉద్యోగం మానుకుంటున్నట్టు అందులో ముందే అచ్చయి ఉంది. పేరూ తేదీ వేస్తే చాలు. ఆమె వేసింది. వెన్న కత్తి అతని బల్ల మీద పెట్టింది. చీటీలు అతనే ఊడదీసి అంటించుకున్నాడు. గోడ మీద రంగు అక్కడక్కడా లేచిపోయింది. రెండు చీటీలు మర్చిపోయి సరైన చోటే ఉంచేశాడు. నెల రోజుల్లో ఒక్కరు కూడా కనిపెట్టలేదు.

కోట్లు తగిలించేచోట పెరిజాత్ ఎదురుపడింది. దారికి అడ్డం నిలబడింది.

"అక్కా, నేను చెప్పి ఉండాల్సింది."

జూరాకాన్ కోటు గుండీలు పెట్టుకుంటోంది.

"ఆవిడ ఏడ్చిందక్కా. నా బొమ్మ ముందు ఇంతవరకు ఎవరూ ఏడవలేదు."

"నీ బొమ్మ ముందు ఇప్పటికీ ఎవరూ ఏడవలేదమ్మా."

పెరిజాత్‌కు ఎక్కడో తగిలింది. కళ్లు ఎర్రబడ్డాయి. "మీరు మాత్రం? నాలుగు నెలలో ఆరు నెలలో ఊరుకుంటే మీకేం పోయేది?"

"ఏమీ పోయేది కాదు," అంది జూరాకాన్. తలగుడ్డ ముడివేసుకుని, ఆమె పక్కనుంచి తప్పుకుని మెట్లు దిగింది.

ప్రదర్శన ఆల్మతీ వెళ్లింది. మాస్టారి 'ఎర్ర దశ' మీద కదిర్ రెండు వ్యాసాలు రాశాడు. నిజంగా కాలిన మనిషే ఇంత ఎరుపు వేయగలడని వాటి సారం.

యాభై ఏడేళ్ల ఆడమనిషికి పని ఇచ్చేవాళ్లు బిష్కెక్‌లో వరసకట్టి లేరు. జూరాకాన్ వసంతమూ వేసవీ చెల్లెలి ఇంట్లో మాటలు పడుతూ గడిపింది. అక్టోబరులో ఓష్ బజారు దగ్గర స్నానాల ఇంట్లో తువ్వాళ్లిచ్చే పని దొరికింది. అక్కడ కూర్చోవడానికి కుర్చీ లేదు. పింఛను సెప్టెంబరులో రావాల్సింది మరుసటి ఏప్రిల్‌లో వచ్చింది. పింఛను ఆఫీసులో గుమాస్తా పిల్ల సర్వీసు పుస్తకం తిరగేస్తూ, గ్యాలరీ పేజీ దగ్గర ఆగి, ఆరు నెలలు ఆగలేకపోయావా పెద్దమ్మా అని అడిగింది. మానిన కారణం అన్న గడిలో 'సొంత కోరిక మీద' అని ఉంది.

"ఎవరైనా బలవంతంగా రాయించారా? అలాంటివి మాకు రోజూ వస్తుంటాయి."

"లేదమ్మా," అంది జూరాకాన్. "అందులో రాసిన మాట నిజమే."